దీక్షకు ముందు ఒక్క మాట

"మడత కనిపించకూడదు. తెలుపు మనసుకి గుర్తు," అన్నాడు భర్త, మంచమ్మీద కాళ్ళు జాపుకుని. బౌద్ధారామంలో పున్నమి ఉత్సవానికని ఊరుకాని ఊరొచ్చి, సత్రం గదిలో ఆమె ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మనసుకి గుర్తట! ఆ మనసుకి ఇస్త్రీ చేసేది మాత్రం తను.

ఏటా ఇదే తంతు. పున్నమినాడు ఆయనా, అత్తగారూ దీక్ష తీసుకుంటారు. మర్నాడు తెల్లవారేదాకా అబద్ధమాడరు, పరుషంగా మాట్లాడరు, మధ్యాహ్నం దాటాక తినరు. ఆ మధ్యాహ్నంలోగా వాళ్ళకి వేడివేడిగా వండిపెట్టాల్సింది ఆమె. ఒక్కసారైనా తనూ ఆరామం హాల్లో దీక్షకి కూర్చోవాలని ఈసారి టిక్కెట్లు, గది అన్నీ తనే చూసుకుంది. ఆ మాటంటే అత్తగారు, "నీకంత తీరికెక్కడిదమ్మా?" అని జాలిపడింది. ఆ తీరికని ఎవరు మింగేశారో! మూడింటిదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా అందరికీ వడ్డించిన రోజులు కోకొల్లలు. దాన్నెవరూ దీక్ష అనలేదు. ఈయన ఒక్క రాత్రి భోజనం మానేస్తే మాత్రం ఫోటోలు దిగి బంధువులందరికీ పంపుతాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆరామంలో ఆయన మగవాళ్ళ వరసలో, అత్తగారు ఆడవాళ్ళ వరసలో కూర్చుని, భిక్షుణి చెప్పించిన మాటలు పలికి దీక్ష తీసుకున్నారు. దారిలో కొన్న సరుకుల సంచులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమెని చూసి భిక్షుణి అడిగింది.

"మీరు రారా అమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా ఆయనే వెనక్కి తిరిగాడు. "ఆవిడకి సత్రంలో వంటుందండీ. మమ్మల్ని చూసుకోవడమే ఆవిడకి పుణ్యం."

"నేనడిగింది ఆమెని," అంది భిక్షుణి.

ఎన్నాళ్ళయింది ఒకరు తననే అడిగి! ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"చోటుందాండీ?"

"ఉంది. కూర్చున్నాక మీరూ పరుషం పలకకూడదు మరి."

"అయితే ఒక్క నిమిషం ఆగండి."

సంచులు తీసుకెళ్ళి భర్త ముందు దబ్బున పడేసింది. గది తాళంచెవి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఆ పుణ్యమంతా నేనొక్కదాన్నే మూటగట్టుకున్నాను. ఇక మొయ్యలేను. ఇవాళ మీరు కట్టుకోండి. సరుకులు ఈ సంచిలో ఉన్నాయి. మీ అమ్మకి ఉప్పు తక్కువెయ్యండి."

ఆయన మొహం జేవురించింది. పెదవులు కదిలాయి. చుట్టూ అందరూ ఆయన్నే చూస్తున్నారు. తెల్లవారేదాకా నోరు పారేసుకోనని వాళ్ళ ముందే మాటిచ్చిన మనిషి, ఏం చేస్తాడు, నోరు మూసుకున్నాడు.

ఆమె వెళ్ళి ఆడవాళ్ళ వరసలో చాప మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పించండి," అంది భిక్షుణితో.