పన్నెండు మాటల తాళంచెవి

"సంతకం పెట్టెయ్యమ్మా. ఇక్కడితో అయిపోతుంది."

టేపు బాబాయ్ గొంతు మెత్తగా ఉంది. కటింగ్ బల్ల మీద, సగం కోసిన స్కూలు యూనిఫాం గుడ్డల మధ్య, ఒక తెల్ల కాగితం పరిచి ఉంది. 'సంఘం డబ్బు నేనే తీసుకున్నాను' అని అందులో రాసి ఉంది. దాని ముందు పాతికేళ్ల అమ్మాయి పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. షెడ్డులో పద్నాలుగు మిషన్లూ ఆగిపోయాయి. ఆడవాళ్లందరూ బల్ల చుట్టూ మూగారు.

ఆ అమ్మాయి కాజాల పిన్ని కోడలు.

పద్దెనిమిదేళ్లుగా ఆ షెడ్డులో చొక్కాలకి కాజాలు వేస్తున్న మనిషి కాబట్టి పిన్నికి ఆ పేరు. మెడలో టేపు లేకుండా ఎవరూ ఎన్నడూ చూడలేదు కాబట్టి కటింగ్ మాస్టరుకి టేపు బాబాయ్ అని పేరు. ఇద్దరూ షెడ్డుకి మూలస్తంభాలు. పెళ్లైనా చావైనా ముందు వాళ్లిద్దరికే కబురు.

జరిగింది ఇది. యూనిఫాంలు కుట్టగా మిగిలిన పీలికలతో ఆడవాళ్లంతా కలిసి సంచులు కుట్టారు. పై దేశంలోని ఒక కొట్టు వాటిని కొనుక్కుని, ఆరునెలలుగా డబ్బును క్రిప్టో నాణేల రూపంలో పంపుతోంది. దాంతో సొంతంగా ఒక ఎంబ్రాయిడరీ మిషను కొనుక్కోవాలని సంఘం కోరిక. కాస్త చదువుకున్నది కోడలొక్కతే కాబట్టి వాలెట్ ఆమె ఫోనులో పెట్టారు. ఈ పొద్దున తెరిచి చూస్తే సున్నా! నిన్న పదకొండుంబావుకి మొత్తం ఎవరిదో తెలియని చిరునామాకి వెళ్లిపోయింది.

"ఫోను నీ చేతిలో ఉంది. మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అంది సంఘానికి నాయకురాలైన పెద్దక్క. "సంతకం పెడతావా, పోలీసుల్ని పిలవమంటావా?"

"పోలీసులెందుకు పెద్దక్కా, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల," అన్నాడు బాబాయ్. "తప్పు ఒప్పుకుంటే మనమే క్షమించేద్దాం. అయినా ఈ బ్లాక్‌చెయిన్లూ అవీ మనలాంటివాళ్లకి అర్థమయ్యే వ్యవహారమా? వద్దని నేనప్పుడే మొత్తుకున్నా."

కాజాల పిన్ని కోడలి మొహంలోకి చూసింది. నిజం చెప్పుకోవాలంటే, ఒక్క క్షణం ఆమె మనసు కూడా ఊగింది. ఎనిమిది నెలల క్రితం ఇంటికొచ్చిన పిల్ల. మంచిదే. కానీ పరాయి పిల్ల. ఆ ఆలోచన వచ్చినందుకు పిన్ని తనని తానే తిట్టుకుంది. అనుమానం పక్కన పెట్టి లెక్క తీద్దామనుకుంది.

"పెన్ను కింద పెట్టవే," అంది.

"అత్తయ్యా, నేను..."

"నువ్వు మాట్లాడకు. మాట్లాడాల్సింది నేను."

పాఠకులారా, ఈమె ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషులో తన పేరు కూడా రాయలేదు. కానీ సంచులకి నాణేల్లో డబ్బొస్తుందని తెలిసిన రోజున, మిగతావాళ్లు 'మనకెందుకులే' అని టీ తాగుతుంటే, ఈమె మాత్రం కోడలి పక్కన చతికిలబడి ఒక్కో మాటకీ అర్థం చెప్పమని ప్రాణం తీసింది. గ్యాస్ ఫీజు అనగానే "సిలిండరు కూడా వాళ్లే పంపుతారా?" అని అడిగి షెడ్డంతా నవ్వించింది. అది సిలిండరు కాదు, లావాదేవీని నమోదు చేసినందుకు ఇచ్చే కూలి అని తెలిసేదాకా వదల్లేదు. ప్రతి మాటనీ కుట్టుపని భాషలోకి మార్చుకుని మరీ బుర్రలో పెట్టుకుంది. అలా నేర్చుకున్నదే ఈ రోజు ఒక ఆడపిల్ల పరువుకి అండగా నిలిచింది.

"పెద్దక్కా, వాలెట్ అంటే ఏమిటనుకుంటున్నావు?"

"ఏముంది, పర్సు. డబ్బులుండేది."

"అక్కడే మనం బోల్తా పడ్డాం. అందులో డబ్బులుండవు. తాళంచెవి ఉంటుంది, అంతే. నాణేలెప్పుడూ బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలోనే ఉంటాయి."

"మళ్లీ ఆ చెయిన్ గోల మొదలెట్టావా!" అని ఎవరో విసుక్కున్నారు.

"గోలేముందే, గొలుసుకుట్టు వేసేదానివి నీకే తెలియాలి. ఒక కుట్టు వెనకటి కుట్టుని పట్టుకుని ఉంటుందా లేదా? ఇచ్చిపుచ్చుకున్నవి కొన్ని కలిపి ఒక బ్లాకు. ఆ బ్లాకు వెనకటి బ్లాకుని పట్టుకుని ఉంటుంది. మధ్యలో ఒకటి మార్చాలంటే దాని తర్వాతివన్నీ విప్పాలి. పైగా అదే గుడ్డ వేలమంది దగ్గర ఉంది. అందరి కళ్లూ కప్పి విప్పడం ఎవడి తరం? అందుకే నిన్న పదకొండుంబావు అని అది అంత కచ్చితంగా చెబుతోంది."

"చెబుతోంది సరే చెల్లెమ్మా," బాబాయ్ నవ్వాడు, "దొంగ పేరు చెప్పట్లేదుగా!"

"లేదన్నయ్యా. అది చిరునామా వరకే చెబుతుంది. ఆ చిరునామా ఎవరిదో మనమే తేల్చుకోవాలి."

ఆమె కోడలి ఫోను తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఈ తాళం తియ్యడానికి రెండే దార్లు. ఒకటి ఈ ఫోను. రెండోది సీడ్ ఫ్రేజ్, వరసగా పన్నెండు మాటలు. అది ప్యాటర్న్ కాగితం లాంటిది. చొక్కా చిరిగిపోయినా ప్యాటర్న్ ఉంటే ఇంకోటి కోసుకుంటాం కదా? అలాగే ఫోను పోయినా ఆ మాటలుంటే ఇంకో ఫోనులో వాలెట్ తెరుచుకుంటుంది. ఎవడి చేతిలో పడితే వాడికే తెరుచుకుంటుంది. ఫోనూ, మాటలూ ఒకరి దగ్గరే ఉండకూడదని ఆ కాగితం నేను తీసుకున్నాను. మీ అందరి ముందే."

"అవును, నీ బొత్తాల డబ్బాలో పెట్టావు," అంది పెద్దక్క. గొంతులో కొంచెం వేడి తగ్గింది.

"అది నా తప్పు. బీరువాలో పెట్టాల్సింది. కానీ ఇంకో తప్పు కూడా చేశాను, అది మాత్రం మీకు చెప్పలేదు." పిన్ని సిగ్గుపడుతూ నవ్వింది. "నాకు ఇంగ్లీషు రాదుగా. కోడలు ఒక్కో మాటా చదివి అర్థం చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నా. కప్ప, వంతెన, గొడుగు... అలా పన్నెండూ. డబ్బాలో పెట్టింది ఆ తెలుగు కాగితమే, ఇంగ్లీషుది కాల్చేశా."

కోడలు గభాలున తలెత్తింది. "అత్తయ్యా! అలా రాస్తే మనకే తెరుచుకోదు. ఆ మాటలు అచ్చం అలాగే ఉండాలి!"

"ఇప్పుడు తెలిసిందే తల్లీ. మరి డబ్బా తెరిచినవాడికీ అదే ఇబ్బంది వచ్చి ఉండాలిగా? కప్పకి ఇంగ్లీషు మాట తేలికే. అందులో 'అడవి' అని కూడా ఉంది. అడవిని ఏమంటారు?"

"ఫారెస్ట్."

"నువ్వు చదివింది అదేనా?"

కోడలు కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. "కాదు. జంగిల్! ఫారెస్ట్ కొడితే తెరుచుకోదు."

పెద్దక్క మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"విన్నారా?" అంది పిన్ని. "నా కోడలికి ఆ మాటలతో పనే లేదు, ఫోను చేతిలోనే ఉంది. డబ్బు ఆ కాగితంతో పోయిందంటే మాత్రం, తీసినవాళ్లు ఫారెస్ట్ కొట్టి బోర్లాపడి, ఇంకో మాట కోసం వెతుక్కుని ఉంటారు. అందుకే అడుగుతున్నా. అడవికి ఇంగ్లీషులో ఇంకో మాట చెప్పమని మీలో ఎవరినైనా ఎవరైనా అడిగారా?"

తలుపు దగ్గర చొక్కాలకి లేబుళ్లు కుట్టే అమ్మాయి చేతిలోని దారం ఉండ జారి నేల మీద దొర్లింది.

"ఏమ్మా?"

"నన్ను... నన్ను అడిగారు పిన్నీ. నిన్న టీ టైములో. ఫోనులో చూస్తే ఫారెస్ట్ అనే వస్తోంది, అది కాదు, ఇంకో మాట చెప్పమన్నారు. మనవరాలిని బళ్లో అడిగారట. జంగిల్ అని చెప్పా."

"టీ టైమంటే పదకొండు," అంది పెద్దక్క. "ఎవరే అడిగింది?"

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "వద్దు పెద్దక్కా. వాళ్లు పెద్దవాళ్లు. నాకు ఈ పని ఇప్పించిందే వాళ్లు. నేనేదో తప్పుగా విన్నానేమో..."

కాజాల పిన్ని వెళ్లి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"చూడమ్మా. మనల్ని ముంచింది మిషనూ కాదు, నాణెమూ కాదు. 'మనకి అర్థం కాదు' అన్న మాట ముంచింది. వాలెట్ అంటే తెలియక పర్సనుకున్నాం. సీడ్ ఫ్రేజ్ అంటే తెలియక బొత్తాల మధ్య పడేశాం. చెయిన్ అంటే తెలియక, ఏం పాపం తెలియని పిల్ల చేత సంతకం పెట్టించబోయాం. తెలియని మాట వినపడితే తల వంచుకోకూడదు, అర్థం అడగాలి. అడిగి తెలుసుకున్న మాటని ఎంత పెద్దవాళ్ల ముందైనా నోరు తెరిచి చెప్పాలి. ఆ నాణేలు ఇంకా ఆ చిరునామాలోనే కదలకుండా ఉన్నాయి, పొద్దున్నే చూశాం. అది ఎవరిదో నువ్వొక్కదానివే చెప్పగలవు. చెప్పు."

లేబుళ్ల అమ్మాయి కళ్లు తుడుచుకుంది. కటింగ్ బల్ల వైపు తిరిగింది. వేలెత్తి చూపిస్తూ, ఈసారి మాత్రం షెడ్డంతా వినిపించేలా అంది.

"టేపు బాబాయ్!"