బోర్లా పెట్టిన కార్డు

“ఖాళీ! ఇందులో ఒక్క ఫొటో కూడా లేదు!”

పెళ్లికూతురి గదిలో ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డ చెల్లెలు పిచ్చుక గొంతు కీచుమంది. ఉంగరాలు మార్చుకోవడం, సంతకాలు, అత్తగారు కోడల్ని దగ్గరికి తీసుకోవడం, పొద్దున జరిగిన పెళ్లంతా ఆ మెమరీ కార్డులోనే ఉండాలి.

తలుపు పక్క కుర్చీలో కూర్చున్న అక్క కదల్లేదు. పద్నాలుగేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతోంది కాబట్టి చుట్టాలందరికీ ఆమె స్టూడియో అక్క. ఈ పెళ్లికి మాత్రం కెమెరా ఆమె మెడలో లేదు. బ్యాంకులో గుమస్తా ఉద్యోగం చేసుకుంటూ మూడు నెలల కిందట కెమెరా కొన్న చెల్లెలు పిచ్చుక మెడలో ఉంది.

“అక్కా, ఈ ఒక్కరోజైనా హాయిగా కూర్చోవే. పిచ్చుక తీస్తుందిలే,” అంది పెళ్లికూతురు నెల కిందట. బాబాయి కూతురు, ప్రేమగానే అంది. ఆ ప్రేమే చేపముల్లులా గొంతులో ఇరుక్కుని ఇవాళ్టికీ దిగలేదు.

పైకి నవ్వుతూనే అక్క చెల్లెలికి సలహాలు రాసిచ్చింది. గుంపు ఫొటోలో ముందు కళ్లు లెక్కపెట్టు, ఎవడో ఒకడు మూసుకునే ఉంటాడు. పెళ్లికూతురి వెనక కిటికీ రానివ్వకు, మొహం నల్లబడుతుంది. ఉంగరం తొడిగేటప్పుడు వేళ్లు కాదు, చూసేవాళ్ల మొహాలు తియ్యి. ఏం జరిగినా కెమెరా దించకు, ఏడుపు తర్వాత ఏడవొచ్చు. కార్డులకి కాగితం ముక్కలు అంటించకు, లోపల ఇరుక్కుంటాయి. నిండిన కార్డు డబ్బాలో బోర్లా పెట్టు, ఖాళీది వెల్లకిలా. ఖాళీది కెమెరాలో వెయ్యగానే ఒకసారి ఫార్మాట్ చేసి మొత్తం తుడిచి వాడు.

నాన్న రీళ్లతో పనిచేసిన రోజుల నుంచీ ఆ ఇంటి పద్ధతి అదే. నిండినదేదైనా తలకిందులు. సలహాలన్నీ నిక్కమైనవే. ఎన్ని చెప్పినా పిచ్చుక ఎలాగూ తప్పుతుందని అక్క ధీమా.

“ఎవరో మార్చేశారు!” పెళ్లికూతురి అన్న గదంతా కలియజూశాడు. గోడవారగా వైర్లు చుట్టుకుంటున్న మైకు అతను కనిపించాడు. “నీ సంచి పిచ్చుక సంచి పక్కనే ఉందిగా పొద్దుట్నుంచీ?”

“నా పాటల పెన్‌డ్రైవే నాకు దొరక్క చస్తున్నానండీ, మీ కార్డు నేనేం చేసుకుంటాను?”

“వేళాకోళమా? సంచి ఇలా తే.”

“అసలు స్టూడియో అక్కకి అప్పగించాల్సింది,” అంది పిన్ని నిట్టూరుస్తూ. “అలవాటైన చెయ్యి వేరు.”

నెల రోజులుగా అక్క వినాలనుకున్న మాట అది. చెవికి తియ్యగానే ఉంది. ఒక్క క్షణం.

టిక్.

పిచ్చుక ఏడుస్తూనే కెమెరా ఎత్తింది. ఏడుస్తున్న పెళ్లికూతుర్ని తీసింది. ఏం జరిగినా కెమెరా దించకు.

డెబ్భై తొమ్మిది, అని లెక్కపెట్టింది అక్క మనసులో.

భోజనాల దగ్గర మొదలైంది ఆ లెక్క. అంతకుముందు పిచ్చుక సంచి ఇచ్చి, “కాస్త చూస్తూండవే, చెయ్యి కడుక్కొస్తా,” అని వెళ్లింది. అక్క ఈ గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, డబ్బాలో బోర్లా ఉన్న పెళ్లి ఫొటోల కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టింది. నవ్వుకుందామనుకుంది. తెగిన తలలు, వంకర గోడలు చూసి కడుపునిండా నవ్వుకుందామనుకుంది.

ఒక్కటీ వంకర పోలేదు.

తొంభై నాలుగో ఫొటోలో నాన్న ఉన్నాడు. పగలబడి నవ్వుతున్నాడు. ఊడిన పన్ను కనబడకుండా మూసుకోబోయిన చెయ్యి నోటిదాకా రాలేదు, ఆలోపే పిచ్చుక నొక్కేసింది. అక్క కెమెరా ముందు అదే నాన్న పద్నాలుగేళ్లుగా గుర్తింపు కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు.

వరండాలో అడుగుల చప్పుడైంది. అక్క కార్డు లాగేసి డబ్బాలో పెట్టింది, వెల్లకిలా. పక్కనున్న ఖాళీ కార్డును తిప్పింది, బోర్లా. చెయ్యి తడబడిందని తనకు తానే చెప్పుకుంది. చిమ్మచీకట్లో కూడా తడబడని చెయ్యి అది.

పిచ్చుక వచ్చింది. వెల్లకిలా ఉన్న కార్డు కెమెరాలో వేసింది, అక్క చెప్పినట్టే తుడిచింది, భోజనాల ఫొటోలు మొదలుపెట్టింది.

తుడిచిన ఫొటోలు వెంటనే పోవు. కొత్తవి వచ్చి మొదటి నుంచి ఒక్కొక్కదాని మీదా కూర్చునేదాకా అడుగున ఉంటాయి. స్టూడియోలో గంట కూర్చుంటే అక్క తిరిగి తీయగలదు. అతిథులు లోపలికి రావడం, పలకరింపులు ఈపాటికి పోయాయి. ఉంగరాలు నూటపది తర్వాత ఉన్నాయి. నాన్న తొంభై నాలుగు దగ్గర ఉన్నాడు.

టిక్. టిక్. మైకు అతని సంచిలోంచి కింద పడుతున్న వైర్లు. ఎనభై ఒకటి.

“వాడి మీద పడతారేంట్రా, పాపం,” అన్నాడు నాన్న. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు.

బయట కారు హారన్ మోగింది. పావుగంటలో పెళ్లికూతురు బయల్దేరాలి. అది తీయాలంటే కనీసం యాభై ఫొటోలు.

పిచ్చుక అక్క వైపు తిరిగింది. ముక్కు ఎర్రగా కందిపోయింది. “నువ్వు చెప్పినవన్నీ చేశాను కదే అక్కా. కాగితం జేబులోనే ఉంది. ఎక్కడ తప్పానే?”

జవాబు కోసం ఆగకుండా కళ్లు తుడుచుకుని, తలవంచుకు కూర్చున్న నాన్న మీదికి కెమెరా ఎత్తింది. టిక్. టిక్. టిక్.

ఎనభై నాలుగు.

“ఆపవే!”

అక్క అరుపుకి పెళ్లికూతురి అన్న చెయ్యి సంచిలో ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

“ఇంకొక్కటి కూడా తియ్యకు. నీ కెమెరాలో ఉన్నదే పెళ్లి ఫొటోల కార్డు. ఇప్పుడు తీసిస్తే చాలావరకు బయటికి లాగుతాను.”

“అదెలా?” పిచ్చుక నోరు తెరిచింది. “నేను వెల్లకిలా ఉన్నదే తీశానే. ఒట్టు!”

“వెల్లకిలా ఉన్నదే తీశావు. నువ్వేం తప్పలేదు. కార్డులు తిప్పి పెట్టారు.”

“ఎవరమ్మా?” అన్నాడు నాన్న.

“పొరపాటున” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మైకు అతను నేల మీద చెల్లాచెదురైన వైర్లు ఏరుకుంటున్నాడు. అక్క ఆ మాట మింగేసింది.

“నేనే నాన్నా. కావాలనే.”