ముప్పయ్యారో ఫొటో

యాంగ్‌డోల్ పోయేనాటికి ఆమె కెమెరాలో ఒక్క ఫొటోకే చోటు మిగిలింది. ఎప్పుడో వాళ్ళింట్లో రెండు నెలలు బస చేసిన ఫొటోలాయన ఇచ్చిపోయిన కెమెరా అది. ఇంత సంసారం చేసినా మోరుప్ దగ్గర భార్య ఫొటో ఒక్కటీ లేదు. ఆ రీలు కడిగిస్తే ఎక్కడో ఒకచోట ఆమె ముఖం కనపడకపోతుందా అని ముసలాయన ఆశ.

మామయ్యని అజంగ్-లే అని పిలిచే మేనకోడలు కున్‌జెస్ లేహ్ పట్నానికి బయల్దేరుతూ వచ్చింది.

"ఆ ఒక్కటీ గోడకేసి నొక్కి ఇచ్చెయ్యండి అజంగ్-లే. కడిగించుకొస్తాను."

"గోడేమిటే, నీ మొహం. ఆఖరుది షాన్‌కేనని మీ అత్త మరీమరీ చెప్పింది. మంచుచిరుతకి దాచిన ఫొటో గోడకివ్వనా?"

"అత్త ఎప్పుడూ మీ ఫొటోలే తీసేది. ఆవిడది ఎవరు తీశారట?"

"ఉంటుందిలే. ముప్పయ్యారింట్లో ఒకటైనా ఉండదా?"

కున్‌జెస్ మూతి ముడుచుకుని, వచ్చేవారం బస్సుకి వెళ్తానంది.

మోరుప్ రోజూ తెల్లారకముందే గొర్రెల దొడ్డి పైనున్న బండ చాటున కూర్చునేవాడు. ఉమ్మితే నేల తాకకముందే గడ్డకట్టే చలి. కెమెరాని ఒంటిమీది గోంచా అంగీ ఛాతీ మడతలో పెట్టుకున్నాడు. యాంగ్‌డోల్ కూడా అలాగే, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని దాచినట్టు దాచేది. చలికి రీలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుందని కదురు మీద ఉన్ని లాగినంత నిదానంగా తిప్పేది. అన్నీ బాగానే చేసేది గానీ, చేతికున్న ఉన్ని తొడుగు మాత్రం చచ్చినా తీసేది కాదు.

"వేలు అద్దానికి అడ్డమొస్తోందే," అని ఎదురుగా నిలబడి ఇతను అరిచేవాడు.

"తొడుగు తీస్తే వేలు ఊడుతుంది. తర్వాత నీకు తుక్పా ఎవడు వండుతాడయ్యా? కదలకుండా నుంచో."

నాలుగోనాడు షాన్ వచ్చింది. దొడ్డి గోడ మీద కూర్చుని, తోకని కాళ్ళచుట్టూ చుట్టుకుని, ముసలాయన్నే చూసింది. మోరుప్ తొడుగు పళ్ళతో లాగేసి నొక్కాడు. ఇనుముకి అంటుకుని వేలి తోలు లేచొచ్చింది. లేస్తే లేచింది. కెమెరాని మళ్ళీ ఛాతీలో పెట్టుకుని, సాయంత్రం దాకా వెచ్చబడనిచ్చి, అప్పుడు రీలు వెనక్కి చుట్టాడు. తెగలేదు.

పదిరోజులకి కున్‌జెస్ ఫొటోలు తెచ్చింది. ముసలాయన గబగబా తిరగేశాడు. టోపీ వంకరగా పెట్టుకున్న మోరుప్. యాకు మీద అలిగిన మోరుప్. పొయ్యి పక్కన నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్న మోరుప్. ముప్పై అయిదింట్లోనూ అతనే. ఆమె ఒక్కదాంట్లోనూ లేదు.

ఆఖరుది షాన్. మీసాలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది.

"ఇది అద్దం కట్టించుకోండి అజంగ్-లే. ఎంత బాగా వచ్చిందో. మిగతావన్నీ చూడండి, మూల ఏదో బూడిదరంగు మసక. రీలు పాడైందేమో."

మోరుప్ ఫొటోలు మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ప్రతిదాంట్లోనూ కుడి మూల నూగునూగుగా, గుండ్రంగా, బొటనవేలంత మసక. షాన్ ఫొటోలో ఆ మూల ఖాళీగా ఉంది.

షాన్‌ని మేనకోడలి ఒళ్ళో పడేశాడు. మిగతా ముప్పై అయిదూ గోంచా మడతలో దోపుకున్నాడు.

"ఉంటుందని చెప్పానా," అన్నాడు. ఏడుపు ఆగక మొహం గోడవైపు తిప్పుకున్నాడు.