పొట్లంలో ఎనిమిది గంటలు

ఓడ ఉన్నచోటే ఉంది. ద్వీపమే వచ్చి దాని పక్కన ఆగుతుంది. పది నిమిషాలు ఆలస్యమైనందుకు మైకులో క్షమాపణ కూడా చెప్పుకుంటుంది. దారిలో గాలి ఎదురు కొట్టిందట.

మాణిక్యం అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. తెల్లారకముందే లేచి, జడ రెండుసార్లు వేసుకుని, నచ్చక మళ్ళీ ముడి చుట్టుకుంది. పక్కనే ఆమె తోడికోడలు వీరమ్మ, పెళ్ళివారింటికి పేరంటానికి వచ్చిన పెద్దముత్తయిదువలా ముఖం గంభీరంగా పెట్టుకుని ఉంది. నర్సాపురం లేసు సంఘం వాళ్ళు నలభై ఏళ్ళు సూది కింద పెట్టకుండా పనిచేసిన ఇద్దర్ని ఏరి, కరేబియన్ సముద్రం చూసి రమ్మని పంపారు. ఆ ఇద్దరూ వీళ్ళే.

మాణిక్యం అల్లేది పువ్వులు. ఎనిమిది రేకల పువ్వు, అరచేతిలో ఇమిడేంత. వీరమ్మది అతుకు పని, అంటే ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలపడం. పువ్వులల్లే చెయ్యి అతకదు, అతికే చెయ్యి పువ్వులల్లదు, అదీ అక్కడి పద్ధతి. అతికాక ఉతికి, మడతపెట్టి ఓడెక్కించేస్తారు. మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో పువ్వులల్లే వాళ్ళకు ఎవరూ చూపించరు. వీరమ్మ మాత్రం చూశానంటుంది. ఎలా ఉందక్కా అని అడిగితే, “చెప్తే నీకు తెలిసేది కాదులేవే” అంటుంది. నలభై ఏళ్ళుగా అదే మాట. మాణిక్యానికి ఒళ్ళు మండుతుంది, అయినా అడగడం మానదు.

నిన్న ఓడలో వడ్డించే మనిషి ఒక మాట చెప్పాడు. ఈ ద్వీపంలో తెల్లమేడ ఒకటి ఉందట, అందులో పెద్ద భోజనాల బల్ల ఉందట, దాని మీద పరిచింది నర్సాపురం లేసేనట. అప్పట్నుంచి మాణిక్యానికి కాలు ఒకచోట నిలవడం లేదు. చూడాలి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒక్కసారి చూడాలి.

మెట్లు దిగగానే రేవు గుమాస్తా ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం పొట్లం పెడతాడు. లోపల ఎనిమిది గింజలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె.

“ఇయ్యాల్టి గంటలండి,” అంటాడు గుమాస్తా. “గింజ నోట్లో ఏసుకుంటే గంట గడుత్తది. పొట్లం కాళీ అయిపోతే మీ కాళ్ళు వాటంతటవే ఓడ కేసి తిరుగుతాయి. కంగారుపడకండి, అందరికీ అంతే.”

“మీరు తెలుగోరాండీ?” అంటుంది మాణిక్యం.

గుమాస్తా వేలెత్తి బోర్డు చూపిస్తాడు. ముందు దిగినవాళ్ళ భాషే ఆ రోజుకి ద్వీపం భాష, అని దాని మీద రాసి ఉంది. ఈ రోజు ముందు దిగింది మాణిక్యమే. వెనకాల దిగిన తెల్లవాళ్ళు మూడొందల మంది అప్పుడే “ఏవండోయ్, టోపీ మర్చిపోయేనండి” అని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటున్నారు.

మాణిక్యం ఎనిమిది గంటల గింజ నోట్లో వేసుకుంటుంది. ఏలకుల వాసన వస్తుంది. సూర్యుడు ఒక మెట్టు ఎక్కి కూర్చుంటాడు. వీరమ్మ తన పొట్లం విప్పకుండానే రవికెలో దోపుకుంటుంది.

“నాకు షుగరు,” అంటుంది.

వీధి ఉత్సాహంగా ఉంది. కొట్లన్నీ ఓడ వైపు ముఖాలు తిప్పుకుని, తోసుకుంటూ ముందు వరసలోకి వస్తున్నాయి. ఒక కొట్లో నీడలు అమ్ముతున్నారు, కొబ్బరి నీడ ఇంత, గొడుగు నీడ ఇంత. ఒక కొట్లో ఏమీ లేదు గానీ బారులు తీరిన జనం ఉన్నారు. మాణిక్యానికి అన్నీ చూడాలనే ఉంది. అయినా ఆగకూడదని గట్టిగా అనుకుని, మొదటి కొట్టు దగ్గరే ఆగిపోతుంది.

అక్కడ తాటాకు టోపీలు అల్లే ఆవిడ ఉంది. చేతులు ఆడుతూనే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంది. పనిచేసే చేతుల్ని చూస్తే మాణిక్యానికి ప్రాణం లేచొస్తుంది. తన చేతిలో పొట్లం విప్పి ఉంది, ఎదురుగా మనిషి ఉంది. ఎదుట మనిషిని పెట్టుకుని తను తినడం ఆమెకు చేతకాదు.

“ఒకటి తీసుకోండి.”

“అయ్యో, వద్దండి.”

“నా మీద ఒట్టే. ఒకటి.”

ఆవిడ తొమ్మిది గంటలది తీసుకుని నోట్లో వేసుకుంటుంది. సూర్యుడు ఇంకో మెట్టు ఎక్కుతాడు. టోపీలావిడ నవ్వుతుంది, ఆవిడకి ఈ రోజు రెండు తొమ్మిదులు మరి.

పదో గంట ఇనప పీపా వాయించేవాడికి పోతుంది. అతను పీపా మీద కొట్టిన ప్రతి దెబ్బకీ రేవు నీళ్ళలోంచి ఒక చేప లేచి, తాళం సరిగ్గా ఉందో లేదో విని, తల ఊపి మునుగుతోంది. అంత బాగా వాయించేవాడికి పెట్టకుండా ఎలా వస్తాం? పదకొండోది పక్క కొట్టు గట్టు మీద కూర్చున్న ఉడుముకు పోతుంది. అది వద్దనలేదు, కావాలనలేదు, ఊరికే చూసింది. ఆ చూపు చాలు మాణిక్యానికి.

“నీకేవైనా మతి ఉందా?” వీరమ్మ కసురుతుంది. “ఉడుముకి పెట్టేవు గంట!”

“ఆకలిగా చూసిందక్కా.”

“తెల్లమేడ చూడ్డానికొచ్చేవా, సంతర్పణ చేయడానికొచ్చేవా?”

మాణిక్యం కిందికి చూస్తుంది. తన నీడ పాదాల కిందికి ముడుచుకుపోయింది. పక్కనే వీరమ్మ నీడ మాత్రం ఇంకా పొద్దుటి నీడే, రేవు దాకా పొడుగ్గా పడి ఉంది. తన రోజు సగం అయిపోయిందని మాణిక్యానికి అప్పుడు తెలుస్తుంది. గబగబా నడిచి కనపడిన మొదటి టాక్సీ తలుపు తీస్తుంది.

టాక్సీ నడిపే ఆవిడ పేరు డెల్ఫీన్. దిట్టమైన మనిషి, సన్నటి జడలు యాభై దాకా ఉన్నాయి. ఆ టాక్సీ కింద రోడ్డు లేదు. డెల్ఫీన్ డిక్కీలోంచి దారపు ఉండంత చుట్ట తీసి ముందుకు విసురుతుంది, అది రోడ్డై విచ్చుకుంటూ పోతుంది. వెనక చక్రాలు దాన్ని మళ్ళీ చుట్టుకుంటూ వస్తాయి. ద్వీపంలో ఉన్నది ఒకే రోడ్డని, అందరూ వంతులేసుకుని వాడుకుంటారని ఆవిడ చెబుతుంది. అద్దాలు దించి ఉన్నాయి. మామిడిచెట్లు పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నాయి. మాణిక్యం చిన్నపిల్లలా తల బయటికి పెట్టి కేక వేస్తుంది, ఎందుకో తనకే తెలియదు. సంతోషం పట్టలేక వేస్తుంది, అంతే.

ఆ సంతోషంలోనే పొట్లం ముందు సీటు వైపు చాపుతుంది. డెల్ఫీన్ పన్నెండోది తీసుకుంటుంది.

“ఒక్కటి తీసుకోకూడదమ్మా,” అంటుంది మాణిక్యం. “ఒంటిగా పెడితే విరోధం వస్తదంటారు మా వైపు.”

“అయితే ఇంకోటియ్యండి, మనకెందుకు విరోధం,” అని డెల్ఫీన్ ఒంటిగంటది కూడా నోట్లో వేసుకుంటుంది. వీరమ్మ నుదురు కొట్టుకుంటుంది.

తెల్లమేడకు తలుపు లేదు, గడప మాత్రం ఉంది. మాణిక్యం చెప్పులు విడిచి, రెండు గంటల గింజ నోట్లో వేసుకుని లోపల కాలు పెడుతుంది.

బల్ల ఉంది. వడ్డించే మనిషి అబద్ధం చెప్పలేదు. దాని మీద లేసు ఉంది, తెల్లగా, పువ్వు పక్కన పువ్వు, పువ్వు పక్కన పువ్వు. మూడు గంటలది, ఆఖరిది, మాణిక్యం రుచి కూడా తెలియకుండా మింగేస్తుంది.

ఆమె అడుగు వేస్తే గది ఒక అడుగు పొడుగవుతుంది, బల్ల కూడా.

“మర్యాదండి,” వివరిస్తుంది గుమ్మంలోంచి డెల్ఫీన్. “చూసేవాళ్ళు ఇంకా చూత్తుండగా గది అయిపోకూడదు కదండీ.”

మాణిక్యం నడుస్తూ పువ్వుల్ని తాకుతుంది. తాకితే ఎవరివో తెలిసిపోతోంది. “ఇది బంగారమ్మది అక్కా! దారం బిగించేస్తది, మొగుడి మీద కోపం. ఇది మరియమ్మది, చూడు, పాడుకుంటా అల్లుద్ది, రేకలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఇది నూకాలుది. పోయిందిగా నూకాలు! పోయాక కూడా ఎంత తెల్లగా ఉందో!” ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ఎప్పుడూ విడివిడిగా, ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని అల్లినవాళ్ళు ఇక్కడ భుజాలు కలిపి ఉన్నారు.

అప్పుడు ఆమె పాదాలు వెనక్కి తిరుగుతాయి. నొప్పేమీ లేదు. మడమలు బల్ల వైపు, వేళ్ళు ఓడ వైపు. గడప దగ్గర చెప్పులు కూడా అటే తిరిగి ఎదురుచూస్తున్నాయి. దూరంగా ఓడ కూత వేస్తుంది, మాణిక్యం ఒక్కదాని పేరునే.

“అక్కా! చివర చూళ్ళేదు. ఇంకా చూళ్ళేదక్కా!” ఆమె బల్ల అంచు పట్టుకుని వేలాడుతుంది. “పోనీ నువ్వు చెప్పు. చూసేవుగా. మొత్తం ఎలా ఉంటదో చెప్పేయి, ఎల్లిపోతాను.”

నలభై ఏళ్ళ గాంభీర్యం వీరమ్మ ముఖం మీంచి మెల్లగా జారి నేల మీద పడుతుంది. వంగి దాన్ని తీసి పక్కనున్న కుర్చీ మీద పెడుతుంది.

“నేనూ చూళ్ళేదే,” అంటుంది. “ముక్క ముక్కగానే ఇచ్చేవోరు. చుట్టూ ఏసే అంచు వేరేవాళ్ళది. నేనే పెద్దదాన్ని గదా, నాకూ తెలీదని ఎలా చెప్పను నీకు?”

మాణిక్యానికి కోపం రావాలి. నలభై ఏళ్ళ కోపం దాచి ఉంచుకుంది కూడా. వెతికితే కనపడదు.

వీరమ్మ రవికెలోంచి పొట్లం తీసి ఎనిమిది గింజలూ మాణిక్యం చేతిలో పోస్తుంది. “ఇద్దరం తిందాం. చెరిసగం. పన్నెండు మాత్రం ఉంచు, అన్నాల వేళ ముందే తినేత్తే బాగోదు.”

మాణిక్యం పాదాలు ముందుకు తిరుగుతాయి. సూర్యుడు గబగబా మెట్లు దిగి ఎనిమిదికి వచ్చి నిలబడతాడు.

ఇద్దరూ గింజలు కొరుక్కుంటూ, గంటల్లో నడుస్తారు. గది కిటికీ దాకా సాగుతుంది, బల్ల కిటికీ దాటుతుంది, ఇసక మీదికి దిగుతుంది. లేసు దానితోపాటే దిగి ఒడ్డు వెంబడి పోతోంది. నురగ ఎక్కడ మొదలైందో, దారం ఎక్కడ అయిపోయిందో చెప్పడం కష్టం. స్నానాలు చేసే తెల్లవాళ్ళు పువ్వులు తొక్కకుండా మడమలెత్తి నడుస్తూ, “జాగ్రత్తండి బాబూ, జాగ్రత్త” అనుకుంటున్నారు.

ఏడు గింజలు అయిపోయిన చోట మాణిక్యం ఆగిపోతుంది.

“అక్కా. ఇది నాది.”

ఆమె అల్లిన మొట్టమొదటి పువ్వు. పెళ్ళైన మూడో నెల. అత్తగారి ముందు వణుకుతూ అల్లింది. దానికి ఏడే రేకలు. అప్పగించాక గానీ లెక్క చూసుకోలేదు. ఎవరైనా పట్టుకుంటారని, సూది లాగేసుకుంటారని ఏడాది పాటు నిద్ర పట్టలేదు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

“నాకు తెలుసు,” అంటుంది వీరమ్మ. “నా చేతికేగా వచ్చింది. అటూ ఇటూ పువ్వుల్ని లాగి సర్దేను. వెనక్కి పంపితే అత్తగారు నిన్ను మళ్ళీ సూది ముట్టుకోనిత్తదా?”

మాణిక్యం వీరమ్మ చెయ్యి పట్టుకుంటుంది. ఇంత ప్రేమ ఇన్నాళ్ళూ తన పక్కింట్లోనే ఉందని ఆమెకు తెలియదు.

రేక లేని చోట సందు ఉంది. గాలి అందులోంచి ఈల వేస్తూ పోతోంది. మాణిక్యం దాని కొలత చూస్తుంది, తన కొలత చూసుకుంటుంది. చీర కొంగు నడుముకు బిగించి ఆ సందులోకి దిగి, తల కొంచెం వంచి నిలబడుతుంది. సరిగ్గా సరిపోతుంది.

“కదలకు,” అని వీరమ్మ సూది తీస్తుంది. మడమ దగ్గర ఒక ముడి, మోచేతి దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి. ఆమె అంత శ్రద్ధగా అతకడం మాణిక్యం ఎప్పుడూ ఇంత దగ్గర్నుంచి చూడలేదు. అయ్యాక మిగిలిన పన్నెండు గంటల గింజను పంటితో రెండు చేసి, పెద్ద ముక్క మాణిక్యం నోట్లో పెడుతుంది.

సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఓడ ఇద్దరి పేర్లూ పెట్టి కూస్తుంది. వీరమ్మ తలెత్తకుండా, “వినపడిందిలేవయ్యా” అంటుంది.

గాలి లేసు కిందికి దూరుతుంది. గుడ్డ బల్ల మీంచి, ఇసక మీంచి, ఒడ్డు మీంచి ఒక్కసారిగా లేస్తుంది. మేడ, మామిడిచెట్లు, టాక్సీ, ఓడ అన్నీ కిందికి దిగిపోతాయి. మాణిక్యం ఊపిరి బిగబట్టి చుట్టూ చూస్తుంది. ఎటు చూసినా పక్క పువ్వులే కనపడుతున్నాయి.

“కిందికి చూడవే!” ఒడ్డు మీంచి వీరమ్మ కేక.

కింద సముద్రం మీద దాని నీడ పరుచుకుని ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, అంచుతో సహా, ఒక్క పువ్వు తక్కువ కాకుండా.

“చూసేనక్కా!” అని మాణిక్యం అరుస్తుంది, చెయ్యెత్తి ఊపుతుంది. సముద్రం మీది నీడలో ఒక పువ్వుకి ఒక రేక చెయ్యి ఊపుతుంది. బంగారమ్మ పువ్వు దాన్ని చూసి చెయ్యి ఊపుతుంది, తర్వాత మరియమ్మది, తర్వాత నూకాలుది, తర్వాత నీళ్ళ మీద ఉన్న పువ్వులన్నీ ఊపుతాయి.