అవునంటే తీసే మూత

కారు దిగేముందు అక్క చెల్లెలి చొక్కా కాలరు సరిచేసి, ఇంటి దగ్గర్నుంచి పాడుతున్న పాటే మళ్లీ అందుకుంది.

"చిన్నీ, బాగా వినమ్మా. ఇవాళ ఎవరేమడిగినా నవ్వి, అవునను. కాదు, కుదరదు, మీకు తెలీదు, ఇలాంటివి ఒక్కటీ వద్దు. రెండంటే రెండే గంటలు."

"ఎవరేమడిగినా?"

"ఎవరేమడిగినా."

"అవును," అని నవ్వింది చెల్లెలు.

ఆ నవ్వు అక్క నేర్పిందే. పెద్ద బట్టల షోరూంలో కొత్తగా చేరినవాళ్లకి ఎలా నిలబడాలో, ఎలా నవ్వాలో నేర్పడమే ఆవిడ ఉద్యోగం. ఎంతమందికో నేర్పింది గానీ, సొంత చెల్లెలికి నేర్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా చెల్లెలు ఎవరి కళ్లలోకీ చూడదు. ట్యూబ్‌లైటు గుయ్యిమంటే చెవులు మూసుకుంటుంది. ఇది ఆటిజం అని డాక్టరెప్పుడో రాసిచ్చిన కాగితాన్ని అక్క బీరువాలో చీరల అడుగున పెట్టి మరిచిపోయినట్టు నటిస్తోంది.

అలాంటి చెల్లెలు ల్యాబ్‌లో స్ఫటికాలు పెంచిందంటే వాటిలో మచ్చుకైనా ఒక్క మచ్చ ఉండదు. దేశదేశాల శాస్త్రవేత్తలు వాటికోసం ఉత్తరాలు రాస్తారు. "మేధావులన్నాక ఆమాత్రం తిక్క ఉంటుందిలెండి" అని నవ్వేవాళ్లని చూస్తే అక్కకి ఒళ్లు మండిపోయేది. నవ్వేసి ఇంటికి పోయేవాళ్లకేం, ఎన్నయినా చెబుతారు! చొక్కా లోపలి లేబుల్ గుచ్చుకుందని గంటసేపు ఏడ్చే మనిషిని పట్టుకుని కూర్చునేది వాళ్లా?

పోయినసారి ల్యాబ్ పని తనిఖీకి కమిటీ వచ్చినప్పుడు చెల్లెలు వాళ్ల పెద్దతో "మీ ప్రశ్నే తప్పు" అని చెప్పి లేచిపోయింది. మళ్లీ అలా జరిగితే ల్యాబ్ వేరేవాళ్లకి ఇచ్చేస్తామని ఉత్తరం వచ్చింది. ఒకసారి మరమ్మతులకని ఆ గదిని నెల్లాళ్లు మూస్తే చెల్లెలు మంచం దిగలేదు, నోట్లో ముద్ద పెట్టనివ్వలేదు. శాశ్వతంగా మూసేస్తే ఈ పిల్ల దక్కుతుందా? అందుకే సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది.

ల్యాబ్‌లో కిటికీలు లేవు. గది మధ్యలో నిలువెత్తు ఉక్కు పాత్ర, చుట్టూ మందమైన తొడుగు, పైన ఎనిమిది బోల్టుల మూత. దాన్నక్కడ అందరూ కుండ అంటారు. విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో దాని లోపల వారాల తరబడి స్ఫటికం పెరుగుతుంది. కమిటీ నుంచి ముగ్గురొచ్చారు. వాళ్ల పెద్ద నెరిసిన జుట్టు ఆవిడ. ల్యాబ్ డైరెక్టరు చేతులు నలుపుకుంటూ ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. అక్క తలుపు పక్కన నిలబడింది.

"ఈ పని మీకు తృప్తిగా ఉందా?"

"అవును."

"మిగతావాళ్లతో కలిసి చేయగలరా?"

"అవును."

ప్రతి అవునుకీ ఒక నవ్వు. అమ్మయ్య, గట్టెక్కాం అనుకుంది అక్క.

అప్పుడు డైరెక్టరుకి ఉత్సాహం పుట్టింది. "కమిటీ మేడమ్ ముందే కుండ తెరిచి స్ఫటికం చూపిద్దాం. హీటరు ఆపి రెండ్రోజులైంది. ఒత్తిడి ముల్లు కూడా సున్నా మీదుంది. తెరవొచ్చుగా?" అని చెల్లెల్ని అడిగాడు.

"అవును," అంది చెల్లెలు. నవ్వింది.

కానీ చెయ్యి వెళ్లి చెవి తమ్మెని పట్టుకుంది. అది చిన్నప్పటి అలవాటు, బాగా భయమేస్తేనే అలా లాగుతుంది. అక్క చూసింది. ఇంతమంది మీద పడేసరికి బెదిరిందిలే, ఇంకో పావుగంటేగా అనుకుని ఊరుకుంది.

మెకానిక్ పెద్ద స్పానరు తెచ్చి మొదటి బోల్టుకి తగిలించాడు. కమిటీ ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది.

"ప్రమాదమేం లేదు కదా?"

"భలేవారే! మా చిన్న మేడమ్ అవునన్నాక ఇంకేం భయమండీ?" అన్నాడు మెకానిక్. " పదకొండేళ్లుగా ఈ గదిలో ఇదే కట్టుబాటు. ముల్లు ఏం చూపించినా మాకనవసరం. ఆవిడ అవునంటేనే మూత తీస్తాం. ఒక్కసారి కూడా తప్పలేదు."

అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలు చెవి ఇంకా లాగుతోంది. తమ్మె ఎర్రగా కందిపోయింది. మొహం మీద నవ్వు మాత్రం అలాగే ఉంది.

"ఆగండి! ముట్టుకోకండి!" అక్క అరుపుకి గది దద్దరిల్లింది. పరుగున వెళ్లి చెల్లెలి ముందు నిలబడింది. "చిన్నీ, నిజం చెప్పు. తెరవొచ్చా?"

"ఎవరేమడిగినా అన్నావు."

"అది తప్పు. ఆ రూలు రద్దు. ఇప్పుడే రద్దు చేశాను. తెరవొచ్చా?"

నవ్వు మాయమైంది. "తెరవకూడదు. నిన్న సాయంత్రం ముల్లు నూట పద్దెనిమిది మీదుంది. ఒక్క రాత్రిలో సున్నాకి రాదు. ముల్లుకి వెళ్లే గొట్టంలో ఉప్పు గడ్డకట్టింది. లోపల మరిగే క్షారం ఉంది. మూత తీస్తే మెకానిక్‌గారు వెంటనే చచ్చిపోతారు. తర్వాత నేను, వీళ్లు. నువ్వు తలుపు దగ్గరే ఉంటే బతికేదానివి. కళ్లు పోయేవి."

మెకానిక్ స్పానరు వదిలేసి వెనక్కి వెనక్కి నడిచాడు. డైరెక్టరు గోడకి జారబడిపోయాడు.

"మరి ఎందుకు అవునన్నారమ్మా?" అడిగింది కమిటీ ఆవిడ.

"అక్క చెప్పింది."

అందరూ అక్కవైపు తిరిగారు. ఆవిడ ఏమీ దాచలేదు. ఎవరేమడిగినా నవ్వి అవునని చెప్పమన్నది తానేనని, పోయినసారి ఉత్తరం చూసి భయపడ్డానని ఏడుస్తూ చెప్పేసింది. కమిటీ ఆవిడ చేతిలోని ఫైలు మూసేసింది.

"ఈ గది ఈ అమ్మాయిదే," అంది. "తను కాదన్నా, కుదరదన్నా, మీకు తెలీదన్నా మేం పడతాం. మీరు మాత్రం ఇంకెప్పుడూ ఈ గదిలోకి రాకండి."

కారు దగ్గరికి వచ్చాక అక్క తలుపు తీయకుండా దానికి ఆనుకుని నిలబడింది.

"చిన్నీ... నా మాట మీద ఇలా ఇంకెన్నిసార్లు అవునన్నావే?"

"ఇవాళ్టివా, మొత్తమా?"

"మొత్తం."

చెల్లెలు కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ల్యాబ్‌లో కూడా వేయనంత భయం వేసింది అక్కకి. వద్దులే, ఇంటికి పోదాం పద అనబోయింది.

"నీ దగ్గరికొచ్చిన పదమూడేళ్లవీ ఉన్నాయి. టైం పడుతుంది. మొదటిది చెప్పనా?"

"చెప్పు."

"ఇక్కడ నాతో ఉండటం నీకిష్టమేగా అని అడిగావు."

అక్క కళ్లు తుడుచుకుని, రెండోది చెప్పమంది.