గడ్డక్క కట్టిన పెట్టె

చెల్లెలు ఫోనులో పదకొండు పనులు రాసుకొచ్చింది. ఏటి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి వెళ్ళినవాళ్ళు చేసి తీరవలసిన పదకొండు పనులట. మొదటిది కాలినడక వంతెన మీద నుంచి పొద్దుపొడుపు చూడటం. రెండోది రంగు తలుపుల వీధిలో ఫొటోలు దిగడం. మూడోది కుండల వీధి. ఆపైన చిత్రాల గ్యాలరీ, పుస్తకాలమ్మే పడవ, గాజు ఊదే కొలిమి... ఇలా సాయంత్రం దాకా గంటగంటకీ ఒకటి.

అక్కకి ఉన్నది ఒక్కటే కోరిక. ఏట్లో కాళ్ళు పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చోవాలి.

"అది లిస్టులో లేదక్కా," అంది చెల్లెలు.

"రాసెయ్. పన్నెండోది."

"కాళ్ళు తడుపుకోవడానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో బకెట్ లేదూ?"

అక్క నవ్వింది. ఇరవై మూడేళ్ళుగా ఒక గాజు సామాన్ల గోడౌన్లో గడ్డి పెట్టి ప్యాకింగ్ చేస్తోంది. పొద్దస్తమానం నిలబడే పని. ఎంత గట్టిగా ముడి వేసుకున్నా సాయంత్రానికి జుట్టులో నాలుగు గడ్డిపోచలు ఉండాల్సిందే. అందుకే గోడౌన్లో అందరూ ఆమెని గడ్డక్క అంటారు. ఆ పేరంటే ఆమెకి ముద్దు. చెల్లెలికే ఒళ్ళు మంట. బీమా ఆఫీసులో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చెల్లెలిది. అక్కని ఎవరికి పరిచయం చేయాల్సి వచ్చినా గొంతు సవరించుకుని, "మా అక్కయ్య ఎగుమతుల్లో ఉంటుంది," అనేది. పొద్దున బసలో కాఫీ ఇచ్చినావిడకీ అదే చెప్పింది. ఎగుమతుల్లో ఏం చేస్తారని ఆవిడ అడిగేలోపే అక్కని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

కుండల వీధి మొదటి ఇంట్లో కుమ్మరి సారె తిరగడం లేదు. ఆ ఇంటి గుమ్మంలో యాభై ఏళ్ళావిడ, మోచేతుల దాకా ఎండిన మట్టితో, ఒక కూజాని దుప్పట్లో చుట్టి తాడుతో బిగిస్తోంది. మోకాలు దాటిన ఎత్తు, సన్నటి మెడ, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు. ఏటి నీళ్ళలో ఎండ కరిగినట్టుంది దాని రంగు. ఆవిడ పెదవి కొరుక్కుంటూ తాడుని ఇంకో లాగు లాగింది.

గడ్డక్క చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"అమ్మా, అలా బిగించకండి. చెవులు ఊడొస్తాయి."

చెల్లెలు మోచేత్తో పొడిచింది. ఆవిడ తలెత్తింది. ఏడుపు ముఖం దాకా వచ్చి ఆగినట్టుంది.

"ఊడొస్తాయని నాకు తెలీదా తల్లీ? రెండేళ్ళ నుంచి ఊడొస్తూనే ఉన్నాయి. మొదటేడు గుడ్డల్లో చుట్టా. నిరుడు ఇసకలో పాతి పంపించా. అవతలి ఒడ్డుకి వెళ్ళేసరికి పెంకులే."

సంగతి ఏమిటంటే, ఏటికి అవతల ప్రదర్శనశాల ఉంది. ఏడాదికోసారి ఊళ్ళో పనివాళ్ళందరి మేటి వస్తువులూ అక్కడ పెడతారు. నడిమి పీట ఈవిడ కూజాకని రెండేళ్ళుగా ఆపి ఉంచారు. రెండేళ్ళూ ఆ పీట ఖాళీగానే ఉండిపోయింది. వంతెనకి నిలువుగా మెట్లు, బరువులు మోసుకెళ్ళడం కుదరదు. పడవే గతి. ఈ సాయంత్రం నాలుగింటికల్లా పీట మీద కూజా లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తామని కార్యదర్శి కబురు పెట్టాడు.

"ఈ రంగు మళ్ళీ రాదమ్మా," అందావిడ. "ఇరవై కూజాలు కాలిస్తే ఒక్కదానికి వచ్చింది. ఇంతకీ నీకీ బిగింపుల గొడవ ఎలా తెలుసు?"

"మా అక్కయ్య ఎగుమతుల్లో..." చెల్లెలు మొదలుపెట్టింది.

"గాజు గోడౌన్లో ప్యాకింగ్ చేస్తానండీ," అంది గడ్డక్క. "గడ్డితో. మీ దగ్గర గడ్డి ఉందా?"

చెల్లెలి ముఖం మాడిపోయింది.

కుండలు కాల్చే ఆవంలో వెయ్యడానికి దాచిన వరిగడ్డి పెరట్లో మనిషెత్తు ఉంది. పక్కింట్లో పటాలు కట్టే అతను రెండు చెక్క పెట్టెలిచ్చాడు, ఒకటి పెద్దది, ఒకటి దానిలో పట్టేది. గడ్డక్క కొంగు బిగించి, ముందు కూజా కట్లన్నీ విప్పేసింది. వేలి కణుపుతో దాన్ని మెల్లగా తట్టి చెవి ఆనించింది. ఖంగుమంది.

"ఎక్కడా బీట లేదు. ఆరోగ్యంగా ఉంది," అంది, పసిబిడ్డని చూసిన డాక్టరమ్మలా.

తర్వాత గడ్డి మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక తాళ్ళు పేనడం మొదలుపెట్టింది. చేతి లావు తాళ్ళు. ఒక్కతే పేనితే అయ్యేలా లేదు.

"కూర్చోవే."

"నేనా?"

"చిన్నప్పుడు నా జడ నువ్వే కదా వేసేదానివి. ఇదీ అంతే."

"అక్కా, పన్నెండింటికి గ్యాలరీ..."

"గ్యాలరీ గోడలు ఎక్కడికీ పారిపోవు. పేను."

చెల్లెలు గొణుక్కుంటూ కూర్చుంది. గ్యాలరీ టైము దాటినప్పుడు ఒకసారి, పుస్తకాల పడవ టైము దాటినప్పుడు ఇంకోసారి ఉసూరుమంది. ఆ తర్వాత ఫోను చూడటం మానేసింది. గడ్డి వంకరపోతే తనే విప్పి మళ్ళీ పేనింది.

కూజా కడుపులో గడ్డి వదులుగా నింపింది గడ్డక్క. "అందరూ పైన చుడతారు, లోపల ఖాళీగా వదిలేస్తారు. దెబ్బ తగిలితే లోపల పట్టుకునేవాళ్ళుండాలిగా," అంది. చిన్న పెట్టె అడుగున గడ్డితాడు చుట్ట, దాని మీద కూజా. భుజాల కింద ఇంకో చుట్ట. బరువంతా భుజాల మీదే, చెవుల్ని ఏదీ తాకకూడదు. చిన్న పెట్టెని పెద్ద పెట్టెలో దింపి, నాలుగు పక్కలా నాలుగువేళ్ళ సందు వదిలి గడ్డి దిండ్లు కూరింది. మూత వేశాక పెట్టెని రెండు చేతులా పట్టుకుని ఊపింది.

"వినిపించిందా?"

"ఏం వినిపించలేదు," అంది కూజా ఆవిడ భయంగా.

"అదే కావాలి. లోపలున్నది మాట్లాడకూడదు."

పడవ నడిపే ముసలాయన పెట్టెని ఎగాదిగా చూశాడు. "అమ్మా, నాది పడవ, పల్లకీ కాదు. రెండేళ్ళూ నావల్లే పగిలిందని ఊరంతా ఆడిపోసుకున్నారు. ఈసారి పగిలితే నన్ను మాత్రం అనకండి."

"పగిలితే నన్నే అనండి," అంది గడ్డక్క. అనేసింది గానీ, గోడౌన్లో పెట్టె లారీ ఎక్కాక ఏమైందో ఆమె ఎప్పుడూ చూసి ఎరగదు. ఇప్పుడు పెట్టె పక్కనే కూర్చుని ఏరు దాటాలి.

నడి ఏట్లో ఎవరిదో మోటారు పడవ హోరుమంటూ పక్కనుంచి పోయింది. అల వచ్చి కొట్టింది. పెట్టె జారి పడవ అంచుకి ధనామని తగిలింది. కూజా ఆవిడ కళ్ళు మూసుకుంది. అదొక ఎత్తు. అవతలి రేవులో, నలుగురూ పట్టి దింపుతుంటే నాచు మెట్టు మీద ముసలాయన కాలు జారింది. పెట్టె చేతుల్లోంచి తప్పించుకుని రెండు మెట్లు దొర్లి, పక్కకి ఒరిగి ఆగింది.

"అయిపోయింది," అంది కూజా ఆవిడ, మెట్ల మీద కూలబడి.

చెల్లెలు పరుగెత్తి అందరికంటే ముందు పెట్టె దగ్గరికి చేరింది. గడ్డక్క మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టెని నిలబెట్టి మెల్లగా ఊపి, చెవి ఆనించింది. ఏటి గలగల తప్ప ఇంకేమీ లేదు.

"మాట్లాడటం లేదు," అంది.

"ఇక్కడే విప్పి చూద్దాం తల్లీ, నాకు ప్రాణం ఆగడం లేదు," అంది కూజా ఆవిడ.

"వద్దు. సగం సామాన్లు విప్పేటప్పుడే పగుల్తాయి. పీట దగ్గరే విప్పుదాం. లేవండి."

ప్రదర్శనశాల చేరేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. కార్యదర్శి నడిమి పీట పక్కన గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పీట మీదికి ఎక్కాల్సిన ఇంకెవరిదో కొయ్య గుర్రం అప్పుడే గుమ్మం దాకా వచ్చేసింది.

"నేల పాడవుతుందండీ, ఈ చెత్తంతా ఇక్కడ..." అన్నాడు కార్యదర్శి.

"చెత్త కాదండీ," అంది చెల్లెలు, చీపురు అందుకున్నంత కోపంగా. "నేను పేనిన తాడది."

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గోడల మీది బొమ్మలు వదిలేసి చుట్టూ మూగారు. గడ్డక్క తొందరపడలేదు. దిండు తర్వాత దిండు తీసింది. చుట్ట విప్పింది. గడ్డిలోంచి ముందు మెడ కనిపించింది, తర్వాత ఒక చెవి, తర్వాత రెండోది. కడుపులోని గడ్డి పిడికిలి పిడికిలిగా లాగేసి, రెండు చేతులా ఎత్తి పీట మీద పెట్టింది. అందరూ ముందుకు వంగారు. ఆమె వేలి కణుపుతో తట్టింది.

ఖంగ్.

చప్పట్లు వంతెన దాకా వినిపించి ఉంటాయి. కూజా ఆవిడ గడ్డక్క మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. ముసలాయన అయితే, "నావల్ల పగల్లేదు, అందరూ చూశారుగా, నావల్ల పగల్లేదు!" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ హాలు చుట్టూ తిరిగాడు.

కార్యదర్శి గొంతు మారింది. "ఎంత ఓపికండీ! మీరు కూడా కళాకారులేనా?"

గడ్డక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. ఈలోగా చెల్లెలు ముందుకొచ్చింది. తల నిండా గడ్డి, ముక్కు మీద మట్టి మరక.

"మా అక్కయ్యండీ. ఇరవై మూడేళ్ళుగా ప్యాకింగ్ చేస్తోంది. గోడౌన్లో గడ్డక్క అంటారు," అంది, హాలంతా వినేలా. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"అయితే ఆ పెట్టె కూడా పీట పక్కనే ఉండాలి," అంది కూజా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "గడ్డితో సహా. కూజా కింద నా పేరు రాసినట్టే పెట్టె కింద ఈవిడ పేరూ రాయండి." కార్యదర్శి నేల సంగతి మర్చిపోయి తనే వంగి గడ్డి దిండ్లు సర్దాడు.

ఎండ వాలుతుండగా గడ్డక్క రేవు కింది మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పింది. పాదాలు చల్లటి నీళ్ళలోకి దించి, ఇరవై మూడేళ్ళ నిలబడటాన్ని ఏట్లో వదిలేస్తున్నట్టు కళ్ళు మూసుకుంది. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. కొయ్య గుర్రం ఆయన, గాజు దీపాలు ఊదే అమ్మాయి, చేతిలో చెవి విరిగిన బొమ్మతో ఇంకెవరో. ప్రదర్శన అయ్యాక తమ వస్తువులు వెనక్కి పంపించుకోవడమెలాగో అడగాలట.

చెల్లెలు లేచి రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

"రేపు పొద్దున రండి, ఒకరి తర్వాత ఒకరు. గడ్డి మీరే తెచ్చుకోండి. మా గడ్డక్క ఇప్పుడు పన్నెండో పనిలో ఉంది."