అక్తరున్నీసా పాదాలు

అక్తరున్నీసా పాదాల మీద మొదటి పొక్కులు లేచింది కొడుకు పోయిన నాలుగో నెలలో. ముందు వేళ్ళ మొదళ్ళ దగ్గర దురద పెట్టింది. తర్వాత పాదం పైభాగమంతా ఎర్రబడి, నీటి పొక్కులు చితికి, రసి కారి, చెక్కు కట్టింది. చెక్కు ఊడిన చోట చర్మం పగిలి మండేది.

చిత్తూరులో ఆమె భర్త బుడేన్ సాహెబ్‌కు పరుపులు కుట్టే అంగడి ఉంది. చెప్పిన వాళ్ళ మాటలన్నీ విని మూడేళ్ళుగా ఆమెను తిప్పుతూనే ఉన్నాడు. షుగర్ అన్నారు, రక్తం చూస్తే లేదు. వంకాయ, ఎండుచేపలు మానమన్నారు, మానింది. వేపాకు కాచిన నీళ్ళు పోసుకుంది. వేలూరు డాక్టరు ఇచ్చిన పూతమందు రాస్తే పది రోజులు తగ్గి మళ్ళీ మొదలయ్యేది. కాళ్ళు మడవలేక నమాజు కుర్చీలో కూర్చుని చేసుకునేది.

కొడుకు పేరు ఇలియాస్. ఇరవై రెండేళ్ళవాడు. కానిస్టేబుల్ రాతపరీక్షలో నెగ్గి, పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లవారుజామున మైదానంలో పరిగెత్తేవాడు. డెంగీ జ్వరం వచ్చిన ఐదో రోజున పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వాడి పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకున్నదేమీ లేదు. ఒకరు ఎత్తితే ఇంకొకరు తట్టుకోలేరని ఎవరికి వాళ్ళే ఊరుకున్నారు.

తిరుపతిలో కాపురముంటున్న కూతురు హుమేరా పట్టుబట్టి తల్లిని అక్కడి చర్మ వైద్యురాలు జయంతి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పాదాలను దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఒంట్లోంచి పుట్టిన జబ్బు కాదమ్మా. బయట్నుంచి ఏదో తగలతా ఉండాది, అది మీ చర్మానికి పడడం లేదు. అదేందో కనుక్కుంటే సగం జబ్బు పోయినట్టే. సోమవారం పరీక్ష పెడతాను. మీరు కాళ్ళకు తొడిగేవన్నీ తీసుకురండి. ఒక్కటి గూడా ఇంట్లో వదిలిపెట్టొద్దు."

సోమవారం అక్తరున్నీసా మూడు జతలు తెచ్చింది. రోజూ బయటికి వేసుకునే తోలు చెప్పులు, స్నానాల గదిలోవి ప్లాస్టిక్‌వి, పెళ్ళిళ్ళకు వేసుకునేవి. నర్సు ఆమె వీపు మీద చిన్న చిన్న బిళ్ళలున్న పట్టీలు అంటించింది. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. తోలు పదును చేసే క్రోమియం ఒకదానిలో, రబ్బరులో కలిపేది ఒకదానిలో, జిగురు ఇంకోదానిలో. ఏది పడదో దాని కింద చర్మం ఎర్రబడి పైకి లేస్తుంది. బుధవారం పట్టీలు తీసి చూస్తారు, శుక్రవారం మళ్ళీ చూస్తారు. అంతవరకు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, గోకకూడదు.

ఆ ఐదు రోజులూ భార్యాభర్తలిద్దరూ హుమేరా ఇంట్లోనే ఉన్నారు. మంగళవారం రాత్రికి వీపు మీద ఒకచోట దురద మొదలైంది. అక్తరున్నీసా గోడకు ఆనుకోకుండా, పడుకోకుండా, తెల్లారిందాకా కూర్చునే ఉంది. బుడేన్ సాహెబ్ కూడా కూర్చున్నాడు.

శుక్రవారం డాక్టరు వీపంతా వేలితో తడిమి చూసింది. రెండు చోట్ల చర్మం అర్ధరూపాయంత మేర ఉబ్బి ఉంది.

"తోలు మీకు బాగానే పడతా ఉండాది. పడనివి రెండు. నల్ల రబ్బరులో కలిపే మందొకటి, రబ్బరును గుడ్డకు అతికించే జిగురొకటి." ఆవిడ టేబులు కింద పెట్టిన మూడు జతలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. "వీటిల్లో రబ్బరే లేదే. ఇదీగాక, పుండు సూడండి, వేళ్ళ మొదలు నుంచి పాదం పైదాకా పట్టీ మాదిరి పోయింది. బూట్లు తొడిగేవాళ్ళకు వస్తాదమ్మా ఇట్లా. మీరు బూట్లేమైనా వేస్తారా?"

"లేదు," అంది అక్తరున్నీసా.

"నడకకి పొయ్యేటప్పుడు?"

"నేను నడకకు పోను."

డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. పూతమందు రాసిచ్చి, గుర్తొస్తే ఫోను చేయమంది. హుమేరా మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. వరండాలో బల్ల మీద భార్యాభర్తలిద్దరే మిగిలారు.

"నేను చిత్తూరు పోయొస్తా," అన్నాడు బుడేన్ సాహెబ్.

"ఇప్పుడెందుకు?"

"బూట్లు తెస్తా."

"ఏం బూట్లు?"

"ఇలియాస్‌వి."

మూడేళ్ళ తర్వాత ఆ పేరు అతని నోట వినగానే ఆమె తల తిప్పి అతన్ని చూసింది. "మీకెట్లా తెలుసు?"

"తెల్లారగట్ల ఫజర్ నమాజుకని నేను మసీదుకు పోతానా. తిరిగొచ్చేలోపల నువ్వు పెరట్లో నీళ్ళు చల్లతావు. ఆ తడి మీద అచ్చులు పడుంటాయి. వాడి బూట్ల అడుగు నాకు తెలీదా? మొదటి రోజు సూసి..." అతను ఆగాడు. "మొదటి రోజు సూసి, వాడు పరిగెత్తి ఇంటికొచ్చినాడనుకున్నా. ఒక్క చిటికె సేపు. లోపలికి గూడా పోయి సూసినా."

"అంటే మొదట్నుంచి తెలుసు."

"తెలుసు."

"నా కాళ్ళు ఇట్లా అయిపోతా ఉంటే వేలూరు దాకా తిప్పినారు గానీ, ఈ ముక్క చెప్పలేదే."

"వాటివల్లే అని నాకు మాత్రం ఏం తెలుసు? పోయినేడు ఒకసారి అనుమానం వచ్చింది. చెప్తే నువ్వు మానేస్తావు, ఆ అచ్చులు ఇంక పడవు. అందుకని ఊరుకుండినా." అతను తలవంచుకున్నాడు. "తప్పు నాదే."

ఆమె బల్ల మీద కొంచెం అతని వైపు జరిగి, చిన్నగా చెప్పసాగింది.

"బూటు లోపల అట్ట మీద వాడి వేళ్ళ గుంతలుండె. ఐదు వేళ్ళవీ. కాలు పెడితే తెలిసేది. మీరు మసీదు నుంచి వచ్చిందాకా అవి తొడుక్కునే పనులు చేసుకుంటా ఉంటి. నీళ్ళు పట్టేదీ, అంట్లు తోమేదీ. వాడితో పాటు తిరగతా ఉన్నట్టు ఉండేది." తన పాదాలను చూసుకుంది. "ఇప్పుడు నా వేళ్ళు పడీ పడీ ఆ గుంతలు మారిపోయినాయి. పోయిన సంవత్సరం నుంచి అవి వాడివో నావో నాకే తెలీడం లేదు. అయినా మానలేకపోతిని."

బుడేన్ సాహెబ్ మధ్యాహ్నం బస్సెక్కాడు. దారిలో పూతలపట్టు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు గానీ ఏం చూశాడో అతనికి గుర్తులేదు. పెరటి గదిలో, పాత పరుపుల గుడ్డల కింద దొరికాయి. నీలం రంగు బూట్లు. శుభ్రంగా తుడిచి, తాళ్ళు లోపలికి మడిచిపెట్టి ఉన్నాయి. వాటిని దూది సంచిలో పెట్టుకుని, రాత్రికల్లా తిరుపతి చేరాడు.

శనివారం డాక్టరు బూట్లను చేతిలోకి తీసుకుంది. ఎవరివని అడిగితే హుమేరా చెప్పింది. డాక్టరు వాటిని జాగ్రత్తగా టేబులు మీద పెట్టింది.

"ఇవేనని గట్టిగా తెలియాలంటే దీంట్లోంచి చిన్న ముక్క కోసి వీపుకు అంటించాల. వద్దంటే వద్దు. మీరు ఇవి తొడక్కుండా ఉంటే చాలు, రెండు నెలల్లో కాళ్ళే చెప్తాయి."

"కొయ్యండి," అంది అక్తరున్నీసా. "కొయ్యకుంటే నేను మానను. ఇవి కాదులే, ఇంకేదో అయ్యుంటాదని మళ్ళీ తొడుగుతా. నా సంగతి నాకు తెలుసు." తర్వాత అడిగింది. "లోపలి అట్ట మాత్రం ముట్టుకోవద్దండి."

డాక్టరు బూటు నాలుక చివర నుంచి గోరంత ముక్క కోసింది. కత్తెర పడేటప్పుడు హుమేరా ముఖం తిప్పుకుంది. అక్తరున్నీసా తిప్పుకోలేదు. ముక్కను తడిపి, కొత్త చోట వీపుకు అంటించారు. సోమవారం తీసేసరికి దాని కింద ముక్క ఎంతుందో అంత మేరకు, నాలుగు మూలలతో సహా, చర్మం ఎర్రగా పొంగి ఉంది. ముందటి పరీక్షలో లేచిన రెండూ ఇంకా తగ్గనే లేదు.

హుమేరా ఫోనుతో ఫొటో తీసి తల్లికి చూపించింది. అక్తరున్నీసా ఆ ఎర్రటి గుర్తును చూసి, "సరే," అంది.

బూట్లను ఆమె చిత్తూరుకు తీసుకెళ్ళలేదు. ఇంట్లో ఉంటే ఆగలేనని కూతురికే ఇచ్చేసింది. వాటిని ఎక్కడ పెడుతుందో తనకు చెప్పవద్దంది.

ఏప్రిల్ నాటికి పాదాలు మానాయి. నల్లటి మచ్చలు మాత్రం మిగిలాయి. డాక్టరు చెప్పిన ప్లాస్టిక్ చెప్పులు ఇంట్లో, తోలువి బయట. మూడేళ్ళుగా మందులు చెప్పిన పక్కింటి చంద్రకాంతమ్మ వచ్చి వంగి చూసి, "ఎంత బాగా మానినాయి తల్లీ, ఇంక నువ్వు సుఖపడినట్టే," అని నిజంగానే సంతోషించింది. ఆమె వెళ్ళాక అక్తరున్నీసా తలుపు వేసుకుని ఏడ్చింది. దురద లేని కాళ్ళతో ఆ తెల్లవారుజాములు గడవడం లేదు. కాలికి నొప్పి తెలిసినంత కాలం వాడు ఏదో ఒక మూల తగులుతూ ఉన్నట్టుండేది. ఇప్పుడు ఎక్కడా తగలడం లేదు.

బుడేన్ సాహెబ్ అది గమనించి, కొన్నాళ్ళు ఫజర్ నమాజుకు మసీదుకు వెళ్ళడం మానుకున్నాడు. ఇంట్లోనే చాప పరిచాడు. ఆమె అతని వెనక నిలబడి, కాళ్ళు మడిచి కూర్చుని, నమాజు చేసుకుంది. అయ్యాక ఇద్దరూ లేవలేదు. బయట ఇంకా పూర్తిగా తెల్లారలేదు.

"మైదానం నాలుగు సుట్లు ఎంతసేపట్లో పరిగెత్తేవాడో నీకు చెప్పినాడా?" అని అడిగాడు అతను.

"లేదు. నాకెప్పుడూ చెప్పలేదు."

"మొదట్లో ఏడు నిమిషాలు పట్టింది. నన్నే గడియారం పట్టుకోని నిలబడమనేవాడు. జ్వరం రాకముందు ఆదివారం ఐదు నిమిషాల నలభై సెకన్లు. పాసైపోతా నాయనా అన్నాడు."

ఆమె దుపట్టా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఆ ఆదివారం ఇంటికొచ్చి ఏం తిన్నాడో తెలుసునా మీకు?" అంది.

"తెలీదు. చెప్పు."